రెండు కోర్ల కంప్యూటర్‌కి ఏ ఓఎస్? విండోస్ 10లోనే ఉండాలా, 11కి వెళ్లాలా, మింట్ వేయాలా

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా బాబాయి పండగ రోజు కూడా వదల్లేదు, షాపుకి తీసుకెళ్లి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. చిన్న డీటీపీ షాపు అది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీ మేటర్లు. పేజీలు పేర్చే పేజ్‌మేకర్‌లో అను తెలుగు ఫాంట్లతో చేసిన ఒక కార్డుని పీడీఎఫ్ చేయమని నొక్కాడు, ఇక కర్సర్ పక్కన చక్రం తిరుగుతూనే ఉంది. టాస్క్ మేనేజర్ తెరిచి వేలు పెట్టి చూపించాడు. సీపీయూ గీత 50 శాతం దగ్గర స్కేలుతో గీసినట్టు నిలబడిపోయింది.

"చూడరా, సగమే వాడుతోంది. మిగతా సగం ఊరికే కూర్చుంది. విండోస్ 11 వేస్తే ఆ సగం కూడా వాడుతుందా?"

చాలా మంచి ప్రశ్న. రెండు కోర్ల మెషీన్ ఉన్న ఎవరికైనా ఏ ఓఎస్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టుకోవాలో తేలాలంటే ముందు ఆ 50 శాతం ఏంటో తెలియాలి, అది తెలియకుండా ఎవరో చెప్పారని ఓఎస్ మార్చేస్తే డబ్బులు, టైమ్ పోయి మళ్లీ అదే చక్రం చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

ఇంట్లో రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్ ఉంటుంది కదా, డ్యూయల్ కోర్ అంటే అదే, సీపీయూలో పని చేసే భాగాలు (కోర్లు) రెండు. ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో దాని మీద పప్పు పెడితే వంట తొందరగా అవుతుంది. కానీ ఉన్నది పప్పు ఒక్కటే అయితే రెండో పొయ్యి వెలిగించి ఏం లాభం? ఒకే కుక్కర్‌ని రెండు మంటల మీద పెట్టలేం. ఏ గిన్నె ఏ పొయ్యి మీద పెట్టాలి, ఎప్పుడు దింపాలి, ఏది ముందు, ఇది చూసుకునే మనిషి ఓఎస్. ఓఎస్‌లో ఈ పని చేసే భాగాన్ని షెడ్యూలర్ అంటారు. ఓఎస్ ఎంత తెలివైనదైనా కుక్కర్‌ని రెండు ముక్కలు చేయలేదు. ఆ ముక్కలు చేయాల్సింది ప్రోగ్రామ్ రాసినవాళ్లు, వాళ్లు పనిని థ్రెడ్లుగా, అంటే విడివిడిగా నడిచే ముక్కలుగా, విడగొట్టి ఇస్తేనే ఓఎస్ వాటిని రెండు కోర్లకి పంచుతుంది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. మన డెస్క్‌టాప్‌లకి డ్యూయల్ కోర్ చిప్‌లు వచ్చింది 2005లో, ఇంటెల్ పెంటియమ్ డీ, ఏఎండీ అథ్లాన్ 64 ఎక్స్2 రెండూ ఆ ఏడే వచ్చాయి. అంటే బాబాయి ప్రోగ్రామ్ పుట్టేసరికి సామాన్యుడి కంప్యూటర్‌లో రెండో పొయ్యే లేదు.

కాబట్టి ఆ 50 శాతానికి అర్థం "సగం వేగంతో నడుస్తోంది" అని కాదు. ఒక కోర్ నూటికి నూరు శాతం పని చేస్తోంది, ఇంకోటి దాదాపు ఖాళీ, రెండూ కలిపి సగటు చూపిస్తే 50. ఓఎస్ అదే ప్రోగ్రామ్‌ని కొన్ని క్షణాలు ఒక కోర్ మీద, కొన్ని క్షణాలు రెండో దాని మీద పెడుతుంటుంది కాబట్టి గ్రాఫ్‌లో రెండు కోర్లూ సగం సగం వాడుతున్నట్టు కనిపించి ఇంకా తికమక పెడుతుంది. లినక్స్‌లో (విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే ఓఎస్, మింట్ అందులో ఒక రకం) టాప్ అనే కమాండ్ కొడితే ఇదే పని 100 శాతం అని కనిపిస్తుంది, అక్కడ లెక్క ఒక్కో కోర్‌కి 100, రెండు కోర్లకి కలిపి 200. నాకు ఆ లెక్కే నచ్చుతుంది, ఎక్కడ ఇరుక్కుందో చూడగానే తెలిసిపోతుంది.

మీ దగ్గర ఇంటెల్ ఐ3 చిప్ ఉంటే టాస్క్ మేనేజర్‌లో రెండు కోర్లు, నాలుగు లాజికల్ ప్రాసెసర్లు అని కనిపించవచ్చు. అది హైపర్ థ్రెడింగ్. పొయ్యిలు రెండే, కానీ అన్నం దింపి గంజి వార్చుకునే ఆ కాస్త సేపు పాలగిన్నె ఎక్కించినట్టు, ఒక థ్రెడ్ మెమరీ నుంచి డేటా కోసం ఎదురు చూసే క్షణాల్లో అదే కోర్ ఇంకో థ్రెడ్ పని చేసి పెడుతుంది. నాలుగు కోర్ల బలం రాదు గానీ రెండు కోర్లు, రెండు థ్రెడ్ల పెంటియమ్ కంటే వాడకంలో హాయిగా ఉంటుంది. వీటిలో ఒకే థ్రెడ్ ఇరుక్కుంటే 25 శాతం దగ్గర ఆగినట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి.

అసలు రెండు కోర్లు ఎందుకు పెట్టారంటే వేడి. పెంటియమ్ 4ని 3.8 గిగాహెర్ట్జ్ దాకా లాక్కొచ్చి, 4 గిగాహెర్ట్జ్ చిప్‌ని 2004లో ఇంటెల్ విరమించుకుంది. ఒకే పొయ్యి మంట ఇంకా పెంచలేక రెండో పొయ్యి పెట్టారు. 2006లో వచ్చిన కోర్ 2 డ్యూయోలో రెండు కోర్లకీ కలిపి ఒకే ఎల్2 క్యాష్ (డేటాని కోర్‌కి దగ్గరగా ఉంచే చిన్న మెమరీ) పెట్టడంతో ఒక కోర్ మీద నడిచే పనిని రెండో దానికి మార్చినా పెద్ద నష్టం లేకుండా పోయింది. పెంటియమ్ డీలో క్యాష్‌లు వేరువేరు, ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవాలంటే బయటి బస్, అంటే డేటా వెళ్లే దారి, మీదుగా వెళ్లి రావాలి. అందుకే ఏ ఓఎస్ అయినా ఒక థ్రెడ్‌ని వీలైనంతవరకు ఇంతకుముందు నడిచిన కోర్ మీదే నడపాలని చూస్తుంది. ఇంట్లో ఇంకా పెంటియమ్ డీ ఉంటే దానికి ఓఎస్ వెతకడం మానేయండి. కరెంటు తాగుతుంది, పని చేయదు.

షెడ్యూలర్ల మాటకొస్తే విండోస్‌లో గడియారం సాధారణంగా 15.6 మిల్లీసెకన్లకోసారి కొడుతుంది, ప్రతి థ్రెడ్‌కి కొన్ని టిక్‌ల వంతు ఇస్తారు, తెర మీద మీ ముందున్న విండో ప్రోగ్రామ్‌కి మామూలుగా ఇంకాస్త పొడుగు వంతు దొరుకుతుంది. లినక్స్‌లో ఎవరు తక్కువ సేపు నడిచారో వాళ్లకి ముందు వంతు అనే పద్ధతి, 2007 నుంచి సీఎఫ్‌ఎస్ అనే షెడ్యూలర్ ఉండేది, 2023లో 6.6 కెర్నల్‌తో (కెర్నల్ అంటే ఓఎస్ గుండెకాయ) ఈఈవీడీఎఫ్ అనేది వచ్చింది. చదవడానికి బాగుంటుంది. కానీ దీన్ని చూసి ఓఎస్ ఎంచుకోవద్దు. రెండు కోర్ల మీద మీ చేతికి తెలిసే తేడా అంతా మీరు అడగకుండానే వెనకాల నడిచే పనుల్లో ఉంటుంది.

ఎనిమిది కోర్ల మెషీన్‌లో అప్‌డేట్ ఒక కోర్ తింటే మీకు ఏడు మిగులుతాయి. రెండు కోర్లలో ఒకటి పోతే సగం మెషీన్ పోయినట్టే. విండోస్ డిఫెండర్ షెడ్యూల్ స్కాన్‌కి సీపీయూ వాడకం సగటు హద్దు డీఫాల్ట్‌గా 50 శాతం. మీ మెషీన్‌లో 50 శాతం అంటే ఎంతో ఇప్పుడు తెలుసు కదా, ఒక కోర్ మొత్తం. దానికి తోడు అప్‌డేట్ ఫైళ్లు విప్పే పని, సెర్చ్ ఇండెక్స్, బ్రౌజర్‌లో వెనకాల ఉన్న ట్యాబ్‌లు. పొద్దున్నే ఆన్ చేయగానే పది నిమిషాలు నత్తనడక ఎందుకంటే ఇదే. అందుకే నేను ఎవరికి సలహా ఇచ్చినా చూసేది ఒక్కటే: ఒక కోర్ ఎలాగూ మీ పనికి పోతుంది, రెండో దాన్ని ఆ ఓఎస్ మీకు ఎంతవరకు వదులుతుంది?

ఓఎస్ మార్చే ముందు ఇవి చూడండి

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ కాదు, డిస్క్ చూడండి. చాలా పాత మెషీన్లలో సీపీయూ 20, 30 శాతం దగ్గర ఉంటే డిస్క్ 100 శాతం దగ్గర ఎర్రగా ఉంటుంది. అప్పుడు తప్పు కోర్లది కాదు, తిరిగే హార్డ్ డిస్క్‌ది. పొయ్యిలు రెండూ వెలుగుతున్నాయి, సరుకులు మాత్రం ఊరి చివర కొట్టు నుంచి ఒక్కొక్కటే తెస్తున్నారు. తిరిగే భాగాలు లేని డిస్క్, అంటే ఎస్‌ఎస్‌డీ, వేస్తే మెషీన్ మారిపోయిందా అనిపిస్తుంది. హెచ్61 రకం మదర్‌బోర్డులో డిస్క్‌ని కలిపే సాటా దారి వేగం సెకనుకి 3 గిగాబిట్లే, అంటే 300 మెగాబైట్ల లోపు, అయినా పర్లేదు. చిన్న చిన్న ఫైళ్లు వెతికి తీయడంలోనే ఎస్‌ఎస్‌డీ లాభం అంతా ఉంది, ఆ లాభం పాత బోర్డులో కూడా వస్తుంది. ఖరీదైన మోడల్ కొనకండి, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ చాలు.

తర్వాత రామ్. జీ31 బోర్డు అయితే డీడీఆర్2, 4 జీబీ దాటదు. జీ41లో డీడీఆర్3 ఉన్న బోర్డులు 8 దాకా, హెచ్61 అయితే 16 దాకా తీసుకుంటాయి. పాత డీడీఆర్3 రామ్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది, హైదరాబాద్‌లో ఉంటే ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ కొట్లుండే సీటీసీకి వెళ్లి నాలుగు కొట్లు అడగండి, కొట్లోనే మెషీన్‌లో పెట్టి చూపించమనండి. ఇంకో విషయం, షాపువాడు 32 బిట్ విండోస్ వేసి ఉంటే 4 జీబీ రామ్‌లో మూడు, మూడున్నర జీబీకి మించి వాడుకోదు.

ఒకటి మాత్రం చేయకండి. ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్‌లో నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్ దగ్గర 2 పెడితే రెండో కోర్ ఆన్ అవుతుందని చాలా వీడియోల్లో చెబుతుంటారు. నిజం కాదు. విండోస్ ఉన్న కోర్లన్నీ ముందు నుంచే వాడుతుంది, ఆ సెట్టింగ్ పరీక్ష కోసం కోర్లని తగ్గించడానికి పెట్టింది. టిక్ ఉంటే తీసేయండి. ఐ3లో 2 అని పెట్టేసి, నాలుగు లాజికల్ ప్రాసెసర్లలో రెండింటిని తామే మూసేసుకున్నవాళ్లని నేను చూశాను.

ఇప్పుడు ఎంపిక

ముందు మీ చిప్ ఏ తరానిదో చూసుకోండి, ఎందుకంటే రెండు కోర్లు అంటే పాతదనే కాదు. ఐ3-1115జీ4 లాంటి 11వ తరం లాప్‌టాప్ చిప్‌లో ఉన్నవి రెండు కోర్లే, నాలుగు థ్రెడ్లు, వేగం 4.1 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. 10వ తరం ఐ3-1005జీ1లో కూడా రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లే. ఇవి విండోస్ 11 అధికారిక జాబితాలో ఉన్నాయి, 8 జీబీ రామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే ఆలోచించకుండా విండోస్ 11లో ఉండండి. మైక్రోసాఫ్ట్ అడిగే కనీస అర్హత కూడా రెండు కోర్లు, 4 జీబీ రామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎమ్ 2.0 అనే భద్రతా భాగం. కోర్ల సంఖ్య దగ్గర ఎవరూ ఆగరు, తరం దగ్గర ఆగుతారు: ఇంటెల్ అయితే మొత్తం మీద 8వ తరం నుంచే.

సెలెరాన్ ఎన్4020 లాప్‌టాప్‌ల సంగతి వేరు. జాబితాలో ఉంది, విండోస్ 11తోనే అమ్మారు కూడా. కానీ రెండు కోర్లు, రెండే థ్రెడ్లు, 4 జీబీ రామ్‌తో క్లాసు వీడియో, వర్డ్, క్రోమ్ మూడూ కలిపి తెరిస్తే పిల్లలు విసుగెత్తిపోతారు. మా చెల్లి దగ్గర ఇదే ఉండేది. స్టార్టప్‌లో అక్కర్లేనివన్నీ ఆపి చూశాం, కాస్త నయం అనిపించిందంతే. చివరికి మింట్ వేశాక డిగ్రీ రెండేళ్లు దాంతోనే లాగించింది.

ఇక కోర్ 2 డ్యూయో. ఈ7500, ఈ8400, పెంటియమ్ ఈ5200 లాంటివి. వీటికి విండోస్ 11 సంగతి మర్చిపోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు జరిగే అర్హత చెకింగ్‌ని దాటించే పద్ధతులు ఉన్నాయని ఎవరైనా చెప్పినా, విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉండి తీరాలి, కోర్ 2 కాలం చిప్‌లలో అది లేదు, అసలు బూటే కాదు. వీటిలో 4 జీబీ ఉంటే లినక్స్ మింట్‌లో తేలికైన రకం ఎక్స్‌ఎఫ్‌సీఈ, 2 జీబీయే ఉంటే లుబుంటు లేదా ఎమ్‌ఎక్స్ లినక్స్ (ఇవీ లినక్స్ రకాలే). నా మాట అడిగితే 2 జీబీ మెషీన్‌లో ఏది వేసినా క్రోమ్ నాలుగు ట్యాబ్‌లు తెరవగానే కథ మొదటికొస్తుంది, కాబట్టి ముందు రామ్ చూడండి.

మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువమంది: పెంటియమ్ జీ2020, జీ2030, ఐ3-2120, ఐ3-3220, జీ4560. ఈ చిప్‌లలో పాప్‌కౌంట్ ఉంది కాబట్టి చెకింగ్‌ని దాటించి విండోస్ 11 వేస్తే ఎక్కుతుంది. వేయొచ్చా అంటే, పని చేసే షాపు మెషీన్‌లో నేను వేయను. ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్ దానంతటది రాదు, మళ్లీ మళ్లీ చేతితో వేసుకోవాలి, ఏదో ఒక అప్‌డేట్‌తో ఆగిపోతే ఆ రోజు గిరాకీ పోతుంది. ఇంట్లో సరదాగా ప్రయత్నించేవాళ్లు బ్యాకప్ తీసుకుని చూసుకోవచ్చు.

విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో పొడిగింపుకి నమోదు చేసుకుంటే ఇంటి వాడకందారులకి 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ట్యాలీ, అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్, డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్ర మెషీన్, వీటిలో ఏదో ఒకటి మీ బతుకుదెరువైతే ఇప్పటికి విండోస్ 10లోనే ఉండి ఆ పొడిగింపు తీసుకోండి. లినక్స్‌లో వైన్ (విండోస్ ప్రోగ్రామ్‌లని లినక్స్‌లో నడిపేది) వేసి నడిపిస్తానని ఎవరైనా అంటే, ముందు మీ కళ్ల ముందు ఒక పెళ్లి కార్డు అచ్చు వేసి చూపించమనండి. ప్రింటర్ కూడా చూసుకోండి. ఊరూరా షాపుల్లో కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900కి లినక్స్ డ్రైవర్ ఎక్కించడం తలనొప్పి వ్యవహారం. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అయితే హెచ్‌ప్లిప్ (హెచ్‌పీ వాళ్ల లినక్స్ డ్రైవర్) ప్లగిన్‌తో నడుస్తుంది.

విండోస్ 7కి వెనక్కి వెళ్తే తేలిక అంటారు. తేలికే, కానీ దాని సపోర్ట్ 2020 జనవరిలో పోయింది, క్రోమ్ కూడా 109వ వెర్షన్‌తో ఆపేసింది. నెట్ తీగ పీకేసిన మెషీన్‌లో అయితే సరే. బ్యాంకు లాగిన్ మాత్రం అందులో చేయొద్దు, దయచేసి.

అలాంటి పట్టింపులు లేనివాళ్లకి, అంటే బ్రౌజర్, యూట్యూబ్, లిబ్రే ఆఫీస్, తెలుగు టైపింగ్, ఇంతే అనుకునేవాళ్లకి మింట్ వేయమని గట్టిగా చెబుతాను. మింట్‌లో సినమన్ అనే డెస్క్‌టాప్ రకం అందంగా ఉంటుంది గానీ రెండు కోర్లు, పాత గ్రాఫిక్స్ ఉన్న మెషీన్‌కి ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకోండి. నా జీ2030లో బూట్ అయ్యాక ఎక్స్‌ఎఫ్‌సీఈ సుమారు ఒక జీబీ రామ్ దగ్గర ఉంటుంది, హెచ్‌టాప్ (లినక్స్‌లో టాస్క్ మేనేజర్ లాంటిది) తెరిస్తే రెండు కోర్ల గీతలూ ఒకటి, రెండు శాతం దగ్గర నిద్రపోతుంటాయి. అప్‌డేట్ ఎప్పుడు వేయాలో మీరు చెప్పినప్పుడే వేస్తుంది. మింట్ 22కి 2029 దాకా సపోర్ట్ ఉంది. తెలుగు టైపింగ్‌కి లినక్స్ టైపింగ్ సాధనం ఐబస్‌లో ఎమ్17ఎన్ అనే భాగం పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ లేఔట్లు మూడూ దొరుకుతాయి, అను కీబోర్డుకి అలవాటు పడ్డ చేతులకి యాపిల్ లేఔట్ కొంత దగ్గరగా ఉంటుంది. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌లో నడిపి చూడొచ్చు, వైఫై, సౌండ్, ప్రింటర్ మూడూ పని చేస్తున్నాయో లేదో ఒక గంట కూర్చుని అక్కడే తేల్చుకోండి.

బ్రౌజరే ప్రధానంగా నడిచే గూగుల్ ఓఎస్, క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్, ఇంకో దారి. 4 జీబీ రామ్, 16 జీబీ స్టోరేజీ చాలు, పెద్దవాళ్లకి, స్కూలు పిల్లలకి బాగుంటుంది, పాడుచేయడానికి లోపల ఏమీ ఉండదు. అయితే ప్లే స్టోర్ యాప్‌లు రావు, ఇన్‌స్టాల్ చేస్తే డిస్క్ మొత్తం తుడిచేస్తుంది, పక్కన విండోస్ ఉంచుకోలేరు. 2010 కంటే పాత మెషీన్లలో సరిగ్గా నడవకపోవచ్చని గూగులే చెబుతోంది. నెట్ సరిగా లేని ఊళ్లో దీన్ని పెట్టొద్దు.

ఏ ఓఎస్ పెట్టినా యూట్యూబ్ దగ్గర ఒక చిన్న పని చేయండి. యూట్యూబ్ వీపీ9 అనే కుదించిన రూపంలో పంపే వీడియోని విప్పడం ఇంటెల్ 7వ తరం కంటే పాత గ్రాఫిక్స్‌లో చాలావాటికి పూర్తిగా చేతకాదు, ఆ భారం అంతా ఆ రెండు కోర్ల మీదే పడుతుంది. బ్రౌజర్‌లో హెచ్264ఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే పాత హెచ్.264 రూపంలో తెప్పిస్తుంది. దాన్ని విప్పడం వీపీ9 కంటే తేలిక, ఐ3-3220 కాలం గ్రాఫిక్స్‌కి ఆ పని వచ్చు కూడా, బ్రౌజర్ దాన్ని వాడుకోగలిగితే కోర్లకి ఊపిరి ఆడుతుంది. 1080పీ దాటి రాదు, ఆ మానిటర్లకి అది ఎక్కువే.

బాబాయి మెషీన్ జీ2030, హెచ్61 బోర్డు, 4 జీబీ రామ్, పదేళ్ల హార్డ్ డిస్క్. నేను తిరిగి వచ్చేలోపు ఒక ఎస్‌ఎస్‌డీ, ఇంకో 4 జీబీ రామ్ వేసి, విండోస్ 10నే 64 బిట్‌లో మళ్లీ ఎక్కించి, పొడిగింపు నమోదు చేసి, డిఫెండర్ స్కాన్‌ని షాపు భోజనానికి మూసే మధ్యాహ్నం రెండింటికి మార్చాను. అక్టోబరు దాటాక దానికి నెట్ తీసేసి, వాట్సాప్ పనులకి పక్కన ఒక పాత కోర్ 2 డ్యూయోలో మింట్ పెడదామనుకున్నాం.

నిన్న ఫోన్ చేశాడు. "ఒరేయ్, పీడీఎఫ్ చేసేటప్పుడు ఇప్పటికీ 50 దగ్గరే ఆగుతోంది."

"ఆగుతుంది బాబాయ్, అది ఒక పొయ్యి వంట."

"సరేలే, అది అయ్యేలోపు ఇంకో కార్డు ప్రూఫ్ చూసేస్తున్నాను, ఇదివరకు మౌస్ కూడా కదిలేది కాదు" అని పెట్టేశాడు, ఎవరో గిరాకీ వచ్చినట్టున్నారు.